జనరేటర్ ఇచ్చిన గొంతు

పోయిన వారం తేజస్విని మనం తాడేపల్లిగూడెంలో, అత్తవారి మేడమీద గదిలో, పాత హార్మోనియం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారి మీగడ కట్టింది. చెవుల్లో పాట మోగుతోంది, చేతికింద పెట్టె మోగుతోంది, రెండింటి శ్రుతీ కలవడం లేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నలభై ఏళ్ళ క్రితం ఏలూరులో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఒక రాక్ బ్యాండ్ పెట్టారు. కొల్లేటికొచ్చే పక్షుల పేరు మీద 'గూడకొంగలు' అని పేరు పెట్టుకున్నారు. రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్, ఎవరెంత వెక్కిరించినా వదలని ఒక హార్మోనియం. వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరు 'ఉప్పుటేరు', కొల్లేటి నీళ్ళని సముద్రానికి మోసుకెళ్ళే ఏటి పేరే. అప్పట్లో ఆ క్యాసెట్టు కొన్నవాళ్ళకంటే, విని ఇస్తానని పట్టుకెళ్ళి ఎగ్గొట్టినవాళ్ళే ఎక్కువ. ఈమధ్య ఎవరో పుణ్యాత్ముడు దాన్ని నెట్‌లో పెట్టాడు. ఇప్పటి పిల్లలు ఎగబడిపోయారు. తెలుగులో రాక్ అంటే ఇదీ అన్నారు, క్లాసిక్ అన్నారు. అందులోనూ ఆల్బమ్ పేరే తన పేరుగా ఉన్న ఆఖరి పాటంటే మరీ ప్రాణం పెట్టేస్తున్నారు.

ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ ఆ ఆల్బమ్‌ని పెద్ద రికార్డుగా మళ్ళీ తెస్తోంది. పాత టేపులు శుభ్రం చేసి ఇచ్చే పని తేజస్విది. దాంతోపాటు అట్ట వెనక వేయడానికి ఒక వ్యాసం కూడా రాసివ్వమన్నారు. ఈ మొదటి ఆల్బమ్ నిజంగా జనం అంటున్నంత గొప్పదా, ఎక్కడ నిలబడింది, ఎక్కడ తూలింది, మొహమాటం లేకుండా చెప్పాలి. పాటలూ వ్యాసమూ ఇవాళ సాయంత్రంలోగా పంపెయ్యాలి. ఆదివారం ఏలూరులో సభ. ఆ సభలో శాలువా కప్పించుకోబోయే గాయకుడు భాస్కరరావుగారు. తేజస్వికి స్వయానా మావగారు.

నిరుడు ఆయన గొంతుకి ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు ఆయన మాట్లాడితే గుసగుసలాగా గాలి వస్తుంది, పక్కన కూర్చుంటేగాని వినపడదు. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఉప్పుటేరు పాట పెట్టుకుంటారు. పాటతోపాటు పెదాలు కదుపుతారు. వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తే ఆయనే పాడుతున్నారనుకుంటారు.

అదండీ సంగతి. ఇక హార్మోనియం దగ్గరికి వద్దాం.

వ్యాసం ముప్పాతిక వంతు అయిపోయింది. మావగారి ఆల్బమని తేజస్వి ఏమీ దాచుకోలేదు. మొదటి పాట 'లారీ స్టాండు'లో గిటారు వాయించడం వచ్చేసిందన్న సంబరం తప్ప మరేమీ లేదని రాసింది. రెండోది మంచి పాటేగాని, ఎప్పుడు లేవాలో తెలియని చుట్టంలా ఎంతకీ అయిపోదంది. మూడో పాటలో డ్రమ్స్ వినండి, మిగతా అంతా మరిచిపోతారంది. గిటారుకీ హార్మోనియానికీ ఎక్కడ పడకుండా పోయిందో అక్కడే ఈ ఆల్బమ్‌కి ప్రాణమొచ్చిందని రాసి, ఆ వాక్యం తనకే నచ్చి మళ్ళీ చదువుకుంది. గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం తడబడింది. 'గొంతు బాగానే ఉంది' అని రాసింది. ఆ 'బాగానే' అన్న మాట కొట్టేద్దామని చూసి, కొట్టెయ్యలేక వదిలేసింది.

ఆఖరి పాట గురించి మాత్రం మనసారా రాసింది. ఏడు పాటలపాటు దారి వెతుక్కున్న గాయకుడు ఎనిమిదో పాటలో వేరే మనిషైపోయాడని రాసింది. బురదలో పడవ లాగుతున్నట్టు ఆ బరువేమిటి, ఆ ఈడుపేమిటి అంది. పాటంతా అయ్యాక సన్నగా వినపడే ఆ ఒక్క మాటని కూడా వదల్లేదు. దాన్ని కొందరు 'అమ్మే' అంటారు, కొందరు 'అమ్మేన' అంటారు, నెట్‌లో పెద్ద పెద్ద తగువులే ఉన్నాయి. భాస్కరరావుగారిని అడిగితే, ఆ రోజు జ్వరంలో ఉన్నాను, మా అమ్మ గుర్తొచ్చి ఉంటుంది అంటారు.

ఇంత రాశాక, టేపు శ్రుతి ఓసారి సరిచూసుకుందామని మేడమీదున్న ఆ పాత పెట్టె తీసింది. బ్యాండ్‌లో వాయించిన హార్మోనియమే అది. దానికి శ్రుతి మీట ఒక్కటే పనిచేస్తుంది, లాగితే ఐదో శ్రుతిలో తప్ప మోగదు. ఏడు పాటల్లోనూ ఆ శ్రుతి చక్కగా ఐదులోనే వినపడుతోంది. ఎనిమిదో పాటలో మాత్రం ఓ మెట్టు కింద, నాలుగులో మోగుతోంది. అదే పెట్టె, అదే మీట. ఒక్క పాటకోసం పెట్టె కిందికి దిగదు కదా.

పెట్టె దిగకపోతే టేపే దిగి ఉండాలి. ఆ ఆలోచన రాగానే తేజస్వి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది.

ముదినేపల్లికి ఫోన్ చేసింది. బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించిన వెంకట్రాజుగారు అక్కడే ఉంటారు. తేజస్వి అత్తగారికి అన్నగారు, తేజస్వికి వరసకి పెదనాన్న. ఆల్బమ్ అంతా వాళ్ళ వడ్ల గోడౌన్‌లోనే రికార్డు చేశారు. దాళ్వా పంట వచ్చి పైకప్పుదాకా బస్తాలున్న రోజులు, బస్తాల మధ్య పాడితే గోడలు తిరిగి అరవవని అక్కడ పెట్టుకున్నారు. పెదనాన్నగారూ, ఆఖరి పాట రికార్డు చేసిన రోజు ఏమైనా తేడా జరిగిందాండీ అని అడిగింది తేజస్వి.

ఆయన పడీపడీ నవ్వారు. తేడా ఏమిటమ్మా, ఆ రోజు అసలు కరెంటే లేదన్నారు. టేపు మిషను తెల్లారితే ఏలూరులో ఇచ్చెయ్యాలి, ఇంకో పాట మిగిలిపోయింది. అప్పుడు పెళ్ళిళ్ళకి లైటింగు పెట్టే కనకరాజుని బతిమాలి జనరేటర్ తెప్పించారట. ఆ కనకరాజు ఎలాంటివాడంటే, పందిట్లో బల్బు కాస్త మసకబారితే పెళ్ళికొడుకు కంటే ముందు వాడికి చెమటలు పట్టేవట. పాట రికార్డింగైనా వాడికి పెళ్ళే. పాట అయినంతసేపూ ఇంజన్ పక్కనే నిలబడి, దాన్ని రేజు పెంచి జోరుగా తిప్పుతూ, గోడౌన్ బల్బు ధగధగలాడుతుంటే చూసుకుని మురిసిపోయాడట. తగ్గించరా బాబూ అంటే, మీ పాట వెలిగిపోవాలి కదండీ అన్నాడట.

తేజస్వి నవ్వలేదు. ఆ టేపు మిషను కరెంటు ఎంత జోరుగా వస్తే అంత జోరుగా తిరిగే రకం. జనరేటర్ రేజు మీద టేపు పరిగెత్తుతూ పాటని పట్టుకుంది. మర్నాడు మామూలు కరెంటు మీద వేస్తే నిదానంగా నడిచింది. పాట ఈడ్చుకుపోయింది, గొంతు బరువెక్కింది, హార్మోనియం ఒక శ్రుతి దిగిపోయింది. ఇన్నాళ్ళూ జనం వహ్వా అన్న ఆ బరువు గాయకుడిదీ కాదు, కొల్లేటి బురదదీ కాదు. పెళ్ళి లైటింగు కనకరాజుది.

ఆ రోజు ఇంకేమైనా జరిగిందాండీ అని అడిగింది. అటువైపు నవ్వు ఆగిపోయింది. ఏముంటుందమ్మా, మీ మావకి జ్వరం, అంతే అని, గేదెలకి కుడితి పెట్టాలంటూ ఫోన్ పెట్టేశారు. వాళ్ళింట్లో గేదెలు లేక పదేళ్ళు దాటింది.

సరే, పనంటూ పెట్టుకున్నాక తప్పదు. కంప్యూటర్లో ఎనిమిదో పాటని జరుపుకుంటూ, హార్మోనియం శ్రుతి సరిగ్గా ఐదుకి వచ్చేదాకా స్పీడు పెంచింది. 'ఉప్పుటేరు - సరైన స్పీడు' అని పేరు పెట్టి, కళ్ళు మూసుకుని విన్నది.

పొద్దు పోయె, పడవ రాదే, ఉప్పుటేరా,
వలను నీళ్ళే మిగిలెనేరా, ఉప్పుటేరా.

అది మగగొంతు కాదు.

తేజస్వి ఆపింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. అనుమానం అక్కర్లేదు. ఓ ఆడపిల్ల పాడుతోంది. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి, నిండు గొంతు, ఏ మాత్రం బెరుకు లేదు. బురదా లేదు, ఈడుపూ లేదు. పడవ రాలేదని ఏడవడం కాదు, రాకపోతే నేనే ఈదుకెళతానన్నట్టుంది. ఇదే పాటని ఇన్నాళ్ళూ విషాదం అనుకుని విన్నారు జనం. పాట అయిపోయింది. ఆ తరవాత సన్నగా ఆ మాట. ఇప్పుడు తగువు పడాల్సిన పనేమీ లేదు, గాజుగ్లాసు మీద చెంచా పెట్టి కొట్టినంత స్పష్టంగా ఉంది.

ఆమేన్.

ఆ వెంటనే కిసుక్కున నవ్వబోయి ఆపుకున్న చప్పుడు. అక్కడికి టేపు అయిపోయింది.

'వేరే మనిషైపోయాడు' అని తేజస్వి రాసిన వాక్యం ఎదురుగా తెరమీద కనపడుతోంది. మెచ్చుకోలుగా రాసింది కాస్తా అక్షరాలా నిజమై కూర్చుంది. కింద వరండాలో ఉన్న మనిషి గుర్తొచ్చి ఆమెకి నిజంగా భయం వేసింది. ఆదివారం వేదిక మీద ఏ గొంతుకని ఆయనకి శాలువా కప్పుతారు? కప్పించుకున్నాక, రికార్డు కొన్న ఏ కుర్రాడో ఇలాగే శ్రుతి సరిచూసి పదిమందిలో పెడితే?

మనసు ఎంత గడుసుదంటే, అంత భయంలోనూ ఒక మంచి దారి వెతికిపెట్టింది. ఆ పిల్ల అత్తయ్యగారే అయ్యుండకూడదా అంది. ఆ గోడౌన్ ఆవిడ పుట్టింటిదే. డ్రమ్స్ వాయించినాయన సొంత అన్న. పాడినాయన అప్పటికి మేనబావ, తరవాత మొగుడు. వంటింట్లో ఆవిడ కూనిరాగం తీస్తే గొంతు బాగుంటుంది కూడా. భార్య పాడిన పాటని భర్త తనదనుకుని బతికాడంటే, తెలిసినా ఇంట్లో నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆ ఆశతోనే మెట్లు దిగింది. అవతల కంప్యూటర్లో పాట తెరిచే ఉంచేసింది.

చాముండేశ్వరిగారు పెరటి అరుగు మీద చేటలో చింతచిగురు పోసుకుని, ఈనెలు తీసి నలుపుతున్నారు. కొడుకు ఫణికిరణ్, అంటే తేజస్వి మొగుడు, ఆఫీసు నుంచి వస్తూ రొయ్యలు తెస్తానన్నాడట. తేజస్వి పక్కన కూర్చుని తనూ ఓ గుప్పెడు తీసుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేసింది.

"అత్తయ్యగారూ, ఉప్పుటేరు పాట పాడింది మీరేనాండీ?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. అదేం ప్రశ్న అనలేదు. నీకేమైనా మతిపోయిందా అనలేదు. ముందు వరండా వైపు చూశారు.

"మీ మావయ్య విన్నారా?"

ఆ ఒక్క మాటతో తేజస్వికి సగం అర్థమైపోయింది. వినలేదంది. జనరేటర్ సంగతీ, శ్రుతి సంగతీ, ఆడగొంతు సంగతీ గబగబా చెప్పింది. మీదేనా అత్తయ్యగారూ అని మళ్ళీ అడిగింది, మీదేనని చెప్పండి అన్నట్టుగా.

"నాకంత గొంతెక్కడిదే," అన్నారు చాముండేశ్వరిగారు. "చివర్లో ఏమందో విన్నావు కదా. మనింట్లో పాటలు ఆ మాటతో అవుతాయా?"

ఆ తరవాత ఆవిడ చెప్పుకొచ్చారు. చేటలో చిగురుని వేళ్ళతో ఊరికే అటూ ఇటూ జరుపుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పారు. గోడౌన్ వెనక వీధిలో సలోమి అని ఉండేది. చాముండేశ్వరిగారితో కలిసి చదువుకుంది. చర్చిలో ఆ పిల్ల పాట ఎత్తుకుంటే పక్క వీధిలో మనుషులు పని ఆపుకుని నిలబడేవారు. ఆ రోజు వడ్ల దుమ్ముకీ జ్వరానికీ భాస్కరరావుగారి గొంతు పూడుకుపోయింది. ఎలాగో పాడారుగాని, అది వింటే పాపం అనిపించేలా ఉంది. పాడేసి ఇంట్లోకెళ్ళి దుప్పటి ముసుగెట్టుకుని పడుకున్నారు. టేపు మళ్ళీ కొనే దారి లేదు. అప్పుడు వెంకట్రాజుగారు, ఆ పాడింది చెరిపేసి దానిమీదే సలోమిచేత పాడిద్దామన్నారు. తెల్లారాక బావకి ఎలాగో చెప్పుకుందాంలే అన్నారు. సలోమి ఒక్కటే షరతు పెట్టింది. కుర్రాళ్ళ మధ్య పాడానని మా నాన్నకి తెలిస్తే నా కాళ్ళు విరగ్గొడతాడు, నా పేరు ఎక్కడా రానివ్వద్దంది. చాముండేశ్వరిగారు పాట కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డారు. అలవాటు కొద్దీ ఆ పిల్ల పాట చివర ఆమేన్ అనేసి నాలిక్కరుచుకుంటే, ఇద్దరికీ నవ్వొచ్చింది. టేపులో వినపడుతున్న ఆ నవ్వులో సగం ఆవిడదే.

మర్నాడు తెల్లవారుజామున, మిషను తిరిగిచ్చేలోపే కరెంటు వచ్చింది. అందరూ కూర్చుని విన్నారు. సలోమి పాడిన పాట మగగొంతుతో వచ్చింది. ఇదేం మాయ అని అన్నాచెల్లెళ్ళిద్దరూ మొహాలు చూసుకునేలోపే, భాస్కరరావుగారు లేచి నిలబడ్డారట. జలుబులో పాడినా ఎంత బాగా వచ్చిందిరా వెంకట్రాజూ అని బావమరిదిని కావలించుకున్నారట.

ఆయన మొహంలో ఆ వెలుగు చూశాక చెప్పబుద్ధి కాలేదన్నారు చాముండేశ్వరిగారు. అప్పటికి ఆవిడ ఆ బావనే చేసుకోవాలనుకుంటున్న పిల్ల. బావ పాట బాగుందని ఊరంతా అంటే చాలు, ఇంకేం అక్కర్లేదనుకుంది.

"సలోమిగారు ఆ క్యాసెట్టు వినలేదాండీ?" అంది తేజస్వి.

"వింది. నేనే ఇచ్చాను." ఆవిడ చిగురు జరపడం మానేశారు. "విని ఏమందో తెలుసా? మీ బావ ఎంత బాగా పాడాడే, నాది తీసేసి మంచి పని చేశారు అంది. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు మూసుకుని ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, సంతోషపడ్డాను."

ఇవతల ఒకాయన తను పాడని పాటని తనదనుకుని బతుకుతున్నాడు. అవతల ఒకావిడ తను పాడిన పాటని ఇంకొకరిదనుకుని మెచ్చుకుంటోంది. ఇద్దరికీ మధ్య ఈవిడ చింతచిగురు నలుపుకుంటూ కూర్చుంది. తేజస్వికి కోపం వచ్చింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ కోపం తనమీదికే తిరిగింది. హార్మోనియం తియ్యకపోతే ఏమయ్యేది?

ఆ స్పీడు సరిచెయ్యకు తల్లీ అన్నారు చాముండేశ్వరిగారు. జనం నెత్తిన పెట్టుకున్నది ఆ ఈడుపు పాటనే కదా, అదే పంపించెయ్ అన్నారు. జనరేటర్ గొడవ మనకి తప్ప ఎవరికీ పట్టదన్నారు. ఆవిడ చేట పక్కన పెట్టి కోడలి చెయ్యి పట్టుకున్నారు.

"ఆయనకి గొంతు ఎలాగూ లేదు తేజా. అది కూడా తీసేసుకుంటావా?"

ఇదిగో, ఇక్కడే తేజస్వి ఓడిపోయింది. పాట సంగతి పాటగా అడిగితే ఆమె ఎంతకైనా వాదించేది. నిజంగా ఏది ఆ ఆల్బమ్? గోడౌన్‌లో ఓ పిల్ల పాడిందా, నలభై ఏళ్ళుగా జనం విన్నదా? ఈడుపు పాట కూడా ఒక పాటే, దానికి కూడా కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు, తప్పులో పుట్టినంత మాత్రాన అబద్ధం అయిపోదు. అలా రాయొచ్చు, బాగానే రాయొచ్చు. తనకి ఇంత తేలిగ్గా సాకులు దొరుకుతున్నందుకు తేజస్వికి సిగ్గేసింది. అట్టమీద 'గానం' అన్న చోట ఏం వెయ్యాలన్నదానికి మాత్రం ఏ సాకూ దొరకలేదు.

అయినా రోజూ వరండాలో కదిలే ఆ పెదాలు గుర్తొచ్చాయి. ఇవాళ్టికి పాతదే పంపిస్తానండీ అంది. ఆ రెండో దాన్ని ఎవరికీ కనపడకుండా దాచేస్తానంది. వ్యాసంలో 'వేరే మనిషి' అన్న వాక్యం కూడా తీసెయ్యాలి, లేకపోతే పాపం అత్తయ్యగారికి ప్రతిసారీ గుచ్చుకుంటుంది అనుకుంది. చాముండేశ్వరిగారు చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మావయ్యకి మందులేళయిందని గ్లాసుతో నీళ్ళు తీసుకుని వరండాలోకి వెళ్ళారు.

కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పులు మెట్ల దగ్గర ఉన్నాయి.

తేజస్వి ముందు పరిగెత్తింది, ఆవిడ గ్లాసుతోనే వెనక వచ్చారు. మేడమీద గదిలో భాస్కరరావుగారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. హెడ్‌ఫోన్స్ చెవులకి లేవు. చేత్తో పట్టుకుని ఫోన్‌కి ఆనించి ఉంచారు. బుద్ధిగా, కదలకుండా, ఫోన్‌లోకి పాట రికార్డు చేసుకుంటున్నారు. తెరమీద గీత పాట చివరిదాకా వెళ్ళి ఆగింది. ఆయన ఫోన్ మీద ఏదో నొక్కి, తలెత్తి ఇద్దరినీ చూసి నవ్వారు. చెంపలు తడిసి ఉన్నాయి.

"స్పీడు సరిచేశావా అమ్మా," అన్నారు. ఆ గుసగుస వినడానికి తేజస్వి దగ్గరికి వంగాల్సి వచ్చింది. "జలుబు వల్ల అలా వచ్చిందనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇది కదూ నా గొంతు. అప్పుడు ఎంత లేతగా ఉండేదో చూశావా?"

చాముండేశ్వరిగారు చేతిలో గ్లాసుని హార్మోనియం మీద పెట్టేశారు. ఆపరేషన్ అయ్యాక ఆయన మొహంలో అంత ఆనందం చూడటం తేజస్వికి అదే మొదటిసారి. ఫోన్‌లోకి ఎందుకు రికార్డు చేశారు మావయ్యగారూ అని మాత్రం అడగగలిగింది.

గ్రూపులో పెట్టానన్నారాయన. ఆఖరి చరణం ఒక్కటే పెట్టాను, ఆదివారం దాకా ఆగలేకపోయాను అన్నారు. గూడకొంగలు గ్రూపు, పాత స్నేహితులూ కొత్త అభిమానులూ అందరూ ఉన్నదే. ఇది విని ఏమంటారో చూడాలి అంటూ ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆఖరి చరణం రాగానే హెడ్‌ఫోన్స్ చెవుల్నించి తీసి ఫోన్‌కి ఆనించారు కాబట్టి పాట చివరి మాట ఆయన చెవిన పడలేదని తేజస్వికి అప్పుడు తట్టింది. అది నేరుగా ఫోన్‌లోకి వెళ్ళింది, ఫోన్‌లోంచి ఊరిమీదికి వెళ్ళింది.

తీసెయ్యండి మావయ్యగారూ, కంపెనీవాళ్ళు ముందుగా బయటపెట్టొద్దన్నారు అని చెయ్యి చాపింది. ఆయన చిన్నపిల్లాడిలా ఫోన్ వెనక్కి తీసుకున్నారు. అప్పటికే విన్నవాళ్ళు విన్నారు. వెంకట్రాజుగారి ఫోన్ రెండుసార్లు వచ్చి కట్టయింది. ఆయన పట్టించుకోలేదు.

"ఎవరో మాట పంపిస్తున్నారు," అన్నారు కళ్ళజోడు సవరించుకుని. "ఓహో, సలోమి టీచరు. మొన్న కైకలూరు వాళ్ళు గ్రూపులో కలిపారు చాముండీ, నీతో చదువుకున్నావిడే. ఆడియో రికార్డు చేస్తోందట."

చాముండేశ్వరిగారు గోడకి ఆనుకున్నారు. తేజస్వి ఆవిడ వైపు చూడలేకపోయింది. ఫోన్ తెరమీద ఆ పేరు కింద 'రికార్డు చేస్తోంది' అన్న మాటలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. అటువైపు మనిషి మొదలుపెట్టి ఆపేసి మళ్ళీ మొదలుపెడుతోంది. ఆఖరికి ఫోన్ చిన్నగా మోగింది. చిట్టి ఆడియో, రెప్పపాటు కూడా లేదు.

ఇటు రా, నువ్వూ విను అని భాస్కరరావుగారు భార్యని పిలిచి, సౌండు పూర్తిగా పెంచి నొక్కారు.

ముసలి గొంతు, కాస్త జీర, అయినా నిండుగా ఉంది.

"ఆమేన్."

ఆ వెంటనే, నవ్వబోయి ఆపుకున్న చప్పుడు.

భాస్కరరావుగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఏమందీ అన్నట్టు మరోసారి నొక్కి విన్నారు. మూడోసారి నొక్కబోయిన వేలు అలాగే ఆగిపోయింది. ఆయన మెల్లిగా హెడ్‌ఫోన్స్ తీసి చెవులకి పెట్టుకుని, కంప్యూటర్లో పాటని చివరికి జరుపుకుని విన్నారు. తరవాత హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే, గోడ దగ్గరున్న భార్య వైపు తిరిగారు.